సీసాలోని ద్రాక్షరసమునకు అడుగున మడ్డి ఏల చేరును?

గత వేసవిలో ఒకే వారమున ఇద్దరు రైతులు చెరియొక సీసా పట్టుకొని మా కళాశాలకు వచ్చిరి. రెండును ఇంటివద్ద తీసి నింపిన ద్రాక్షరసపు సీసాలే. రెండింటి అడుగునను మడ్డి చేరియున్నది.

మొదటి రైతు సీసాను వెలుతురునకు ఎత్తి చూపి, "సార్, సీసాలల్ల గాజు పెంకులు పడ్డయి. ఇరవై సీసాలు పారబోసిన. ఇది ఒక్కటి మీకు చూపిద్దామని తెచ్చిన" అనెను. అడుగున చిన్న చిన్న పలుకులు మిలమిల మెరయుచున్నవి. చూచినవారెవరైనను గాజు అనియే తలంతురు.

రెండవ రైతు అంత కలత చెందలేదు. "అడుగుకు పండు పిప్పి దిగింది సార్. మూత తీస్తే సోడా లెక్క పొంగుతున్నది. పిల్లలకు మంచిగనే ఉన్నది" అనెను. ఆ సీసా మూత నడుమ కొంచెము ఉబ్బియున్నది. మిగిలిన సీసాలు ఎక్కడ ఉన్నవని అడుగగా ధాన్యపు గదిలో వరుసగా పేర్చితినని చెప్పెను. వెంటనే ఇంటికి పోయి ఆ గదిలోనికి ఎవరిని పోనీయవద్దని చెప్పి పంపితిమి. ఆ రాత్రియే రెండు సీసాలు పేలినవి. ఒక గాజుపెంకు తలుపు చెక్కలో దిగబడెను. దైవవశమున గదిలో ఎవరును లేరు.

మొదటివాడు పారబోసిన ఇరువది సీసాలలోని రసము నిక్షేపమైనది. రెండవవాడు దాచుకొన్నది ప్రమాదము. ఇద్దరును మడ్డిని చూచిరే గాని అది ఏ మడ్డియో పోల్చుకొనలేదు. ద్రాక్ష ధర పడిపోవు మార్చి, ఏప్రిల్ నెలలలో మార్కెట్టునకు పనికిరాని చిన్న గుత్తులను రసముగా మార్చి నిలువ చేసుకొను కుటుంబములకు ఈ పోలిక తెలియుట మిక్కిలి అవసరము.

మడ్డి నాలుగు విధములు

సీసాలోని ద్రాక్షరసము అడుగున చేరు మడ్డి సాధారణముగా నాలుగు విధములు. మొదటిది పండు పిప్పి, రంగు కలిసిన మెత్తని మడ్డి. రెండవది టార్టారు పలుకులు. మూడవది ఈస్టు మడ్డి. నాలుగవది బూజు తునకలు. మొదటి రెండును పండులోనుండియే వచ్చునవి. వానివలన హాని లేదు. తరువాతి రెండును బయటనుండి చేరి రసములో పెరుగు జీవులు. ఇవి కనబడినచో రసము చెడినదని అర్థము.

ముందు మూతను చూడుడు, పిదప మడ్డిని చూడుడు

మడ్డి కనబడగానే సీసాను చేతబట్టి ఊపుట మనకు అలవాటు. ఈ అలవాటు మానుకొనవలెను. రసములో వాయువు చేరియున్నచో ఊపినంతనే సీసాలో ఒత్తిడి హెచ్చును. సీసాను కదల్చకుండ మొదట మూతను, మెడను పరీక్షింపవలెను. మూత ఉబ్బియున్నదా? మెడవద్ద బుడగలు వలయముగా కట్టినవా? అడుగునుండి సన్నని బుడగలు ఒకదాని వెనుక ఒకటి పైకి లేచుచున్నవా? మూత అంచున తడి, జిగురు ఉన్నవా? వీనిలో ఏ ఒక్కటి కనబడినను ఆ సీసా పులియుచున్నదని ఎంచి, ఈ వ్యాసమున "వాయువు పట్టిన సీసా" అను భాగములో చెప్పిన రీతిగా నడుచుకొనవలెను. ఇవి ఏవియు లేనప్పుడే మడ్డి వద్దకు రావలెను.

పిప్పి మడ్డి

రసమును పిండినప్పుడు పండుకండ నలిగి సన్నని నలుసులుగా రసములో తేలును. వానితోపాటు పెక్టిను అను జిగురు పదార్థము, మాంసకృత్తులు, తోలులోని రంగు, వగరు కూడ ఉండును. రసమును కాచి చల్లార్చినప్పుడు ఇవి ఒకదానితో ఒకటి అతుకుకొని బరువెక్కి ఒకటి రెండు రోజులలో క్రిందికి దిగును. ఈ మడ్డి దూదివలె వదులుగా ఉండును. నల్ల ద్రాక్ష రసములో ఊదారంగుగాను, తెల్ల ద్రాక్ష రసములో గోధుమరంగుగాను కనబడును. వాసన మారదు. తీపి తగ్గదు.

ఇది త్రాగినను హాని లేదు. తేట రసము కావలెనన్నచో సీసాకు పట్టకముందే పెద్ద జాడీలో తేరనిచ్చి, మీది తేటను మాత్రమే తీసుకొనవలెను. పండ్లను మిక్కిలి గట్టిగా పిండి ఆఖరు చుక్కవరకు తీయవలెనను ఆశవలననే ఈ మడ్డి అధికమగును.

టార్టారు పలుకులు

మొదటి రైతు గాజు అని భ్రమపడినది దీనినే. ద్రాక్షలోని పులుపునకు ముఖ్యకారణము టార్టారిక్ ఆమ్లము. మామిడి, నారింజ, నిమ్మ పండ్లలో ఇది ముఖ్యమైన ఆమ్లము కాదు. ద్రాక్షతీగ నేలనుండి గ్రహించిన పొటాషు కాయలో చేరి ఈ ఆమ్లముతో కలిసి పొటాషియం బైటార్ట్రేటు అను లవణముగా ఏర్పడును. దీనినే వాడుకలో టార్టారు అందురు.

ఈ లవణము వేడిలో బాగుగా కరుగును, చలిలో కరుగదు. లీటరు మరుగునీటిలో సుమారు 60 గ్రాములు కరుగగా, 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద లీటరు నీటిలో 6 గ్రాములు కూడ కరుగదు. ఇంకను చల్లబడినకొలది ఈ మొత్తము తగ్గుచుండును. కనుక వేడిగా సీసాకు పట్టిన రసము అద్దమువలె తేటగా ఉన్నను, ఫ్రిజ్‌లో పెట్టిన కొన్నాళ్ళకు పట్టలేని టార్టారు పలుకులుగా విడిపడి అడుగున చేరును. బెల్లపు పాకము చల్లారి పలుకు కట్టుట మనమెరిగినదే గదా. ఇదియు అట్టిదే.

పలుకులు గాజా, టార్టారా అని తేల్చుకొనుటకు ఇంటిలోనే పరీక్ష గలదు. అనుమానము తీరువరకు పలుకును నాలుకపై వేయరాదు. రసమును మల్లుగుడ్డలో వడగట్టి, గుడ్డపై మిగిలిన పలుకులను చన్నీటితో కడుగవలెను. చిటికెడు పలుకులను స్టీలు గిన్నెలో వేసి అర గ్లాసు మరుగునీరు పోసి రెండు మూడు నిమిషములు కలుపవలెను. టార్టారు పూర్తిగా కరిగి కనబడకుండ పోవును. ఆ నీటిలో చిటికెడు వంటసోడా వేసినచో బుసబుస పొంగును. గాజు కరుగదు, పొంగదు. కరుగక మిగిలినది ఏదైనను, ఎంత చిన్నదైనను, గాజుగానే ఎంచి ఆ సీసాను పారవేయవలెను. ఈ విషయమున సందేహమునకు చోటీయరాదు.

టార్టారు తినుటకు పనికివచ్చు పదార్థమే. ద్రాక్షసారాయి పీపాల లోపలివైపు గట్టిగా పేరుకొను టార్టారును గీకి శుద్ధిచేసి వంటలలో వాడుదురు. కేకులు, రొట్టెలు పొంగుటకు వేయు కొన్ని పొడులలో వంటసోడాతో కలుపు పులుపు పదార్థము ఇదియే. 1769లో షీలే అను స్వీడను శాస్త్రజ్ఞుడు టార్టారిక్ ఆమ్లమును మొదట విడదీసినది ఈ టార్టారునుండియే.

ఇక్కడ తోటకు సంబంధించిన మాట ఒకటి చెప్పవలసియున్నది. ద్రాక్షకు పొటాషు అవసరము. కాయ నాణ్యమునకు, తీగ బలమునకు అది లేనిదే కాదు. అయితే కాయలో పొటాషు మితిమీరి చేరినప్పుడు రసము పులుపు తగ్గుటయే గాక పలుకులు కూడ అధికముగా పడును. కావున భూసార పరీక్ష, ఆకుతొడిమ పరీక్ష చేయించి, చెప్పిన మోతాదునకే ఎరువు వేయవలెను గాని, పొరుగువాడు వేసెనని మరియొక బస్తా చల్లరాదు.

ఈస్టు మడ్డి

రెండవ రైతు సీసాలో ఉన్నది ఈస్టు. ఇది కంటికి కనబడని ఏకకణజీవి. ద్రాక్షతోటలోను, కాయ తోలుపైనను, కడుగని గిన్నెలలోను ఉండును. తాటికల్లు పొంగుటకు కారణమైనదియు ఈ జాతియే. తీపి దొరికినచో దానిని తిని సారాను, బొగ్గుపులుసు వాయువును విడుచును. అట్లు పెరిగిన ఈస్టు బరువునకు దిగి అడుగున చేరును.

ఈ మడ్డి తెల్లగా గాని, మీగడరంగుగా గాని ఉండి గాజుకు పలుచని లేపనమువలె అంటుకొనును. సీసా కొంచెము వంగినచో పొగవలె పైకి లేచును. మూత తీసినచో కల్లువాసన వచ్చును. తీపి తగ్గును. గదివేడిలో ఉంచిన సీసాలలో ఇది కొద్దిరోజులలోనే బయటపడును. సారా చేరిన రసములో టార్టారు ఇంకను తక్కువగా కరుగును గనుక ఈస్టు మడ్డితోపాటు పలుకులు కూడ పడవచ్చును. పలుకులు కనబడినవి గనుక రసము మంచిదేయని నిశ్చయింపరాదు. ముందు మూతను చూడుమని చెప్పుటకు ఇది మరియొక కారణము.

ఈస్టు మడ్డి ఉన్న పానీయములన్నియు చెడినవేనా అని కొందరు అడుగుదురు. బెల్జియము మొదలగు దేశములలో కొన్ని రకముల బీరును సీసాలోనే పొంగు పట్టునట్లు చేయుదురు. ఇంటివద్ద బీరు కాచుకొనుటకు చట్టము అనుమతించు దేశములలో అనేకులు ఇట్లే చేయుదురు. బీరులో తీపి అంతయు పులిసి ఆగిన పిదప, సీసాకు పట్టునప్పుడు లీటరునకు 6, 7 గ్రాముల చక్కెర మాత్రము తూచి వేయుదురు. మిగిలియున్న ఈస్టు ఆ కొంచెపు చక్కెరను తిని తగినంత వాయువును పుట్టించి, అడుగున పలుచని పొరగా దిగును. ఆ మడ్డి వారు ఎదురుచూచినదే. కాని తొందరపడి పులియుట ముగియకముందే సీసాకు పట్టినచో మడ్డి అనుకొన్నదానికంటె మందముగా చేరును, వాయువు హెచ్చును, అక్కడను సీసాలు పేలును.

ఇప్పుడు మన ద్రాక్షరసముతో పోల్చి లెక్కవేయుడు. ఒక గ్రాము చక్కెర పులిసినచో సుమారు పావు లీటరు వాయువు పుట్టును. బీరు సీసాలో వేయునది లీటరునకు 6, 7 గ్రాములు. పండిన ద్రాక్షరసములో లీటరునకు 150 గ్రాములకు మించి చక్కెర ఉండును. అది అంతయు పులిసినచో 40 లీటర్లకు దగ్గరగా వాయువు పుట్టవలెను. మూత బిగించిన ఏ గాజుసీసాయు దీనిని భరింపజాలదు. బీరు సీసాలోని ఈస్టునకు కొలత ఉన్నది. రసపు సీసాలో చేరిన ఈస్టునకు కొలత లేదు.

వాయువు పట్టిన సీసా

ఇట్టి సీసాలు కనబడినచో మొదట పిల్లలను, పశువులను ఆ చోటనుండి దూరముగా ఉంచవలెను. ఎండ, వేడి తగులనీయరాదు. సీసాలపై తడిపిన మందపు గోనెపట్టలు కప్పవలెను. వేడి తగ్గినకొలది ఒత్తిడియు తగ్గును. కనుక తెల్లవారుజామున చల్లనివేళ పని పెట్టుకొనవలెను. కండ్లకు అద్దములు, చేతులకు మందపు తొడుగులు ధరించి, ముఖము దూరముగా ఉంచి, గోనెపట్ట కప్పియుండగానే ఒక్కొక్క సీసా మూతను మెల్లగా సడలింపవలెను. మూత మిక్కిలి ఉబ్బిన సీసాను చేతితో ఎత్తనే కూడదు. దానిపై మరికొన్ని గోనెపట్టలు కప్పి, దానంతట అది తేలువరకు ఆ చోటు మూసి ఉంచుట మేలు.

ఆ రసమును మరల కాచి సీసాలకు పట్టరాదు. కాచినచో ఈస్టు చచ్చును గాని పుట్టిన సారా, పోయిన రుచి వెనుకకు రావు. పులిసిన రసమును ద్రాక్షరసమని అమ్ముట మోసము. లైసెన్సు లేక మత్తుపానీయము తయారుచేయుట నేరము. పిల్లలకు పోయుట అసలే కూడదు. నిలువకు వేయు మందులు కూడ ఈ స్థితిలో పనిచేయవు. అవి పులియకుండ అడ్డుకొనగలవే గాని పులియుచున్న రసమును మంచిచేయజాలవు.

బూజు

మూత బిగువు తప్పినచోటను, సీసా మెడలో గాలి అధికముగా మిగిలినచోటను రసము పైన బూజు కట్టును. దాని తునకలు తెగి దూదిపింజలవలె అడుగునకు దిగును. పైపొరను చెంచాతో తీసివేసి మిగిలినది వాడుకొను అలవాటు కొన్ని ఇండ్లలో ఉన్నది. అది తప్పు. కొన్ని బూజులు విషపదార్థములను విడుచును. అవి రసమంతట కలిసిపోవును. కాచినను పూర్తిగా పోవు. బూజు పట్టిన సీసాను సంకోచింపక పారబోయవలెను.

మడ్డి లేకుండ రసము పట్టు విధానము

ఫ్రాన్సు దేశపు పాశ్చరు 1848లో టార్టారు జాతి లవణముల పలుకులను పరీక్షించి పేరుపొందెను. తరువాత పులియుటకు ఈస్టు జీవమే కారణమని నిరూపించి, ద్రాక్షసారాయిని మితముగా వేడిచేసినచో చెడకుండ నిలుచునని 1860 తరువాతి సంవత్సరములలో చూపెను. మన సీసాలోని రెండు మడ్డులను గురించియు ఆయన శ్రమించెనన్నమాట. ఆ పద్ధతి ననుసరించియే 1869లో అమెరికాలో వెల్చ్ అను దంతవైద్యుడు ద్రాక్షరసమును పులియకుండ సీసాలలో నిలువచేసెను. మనము చేయవలసినదియు అదియే.

1. బాగుగా పండిన, పగులని కాయలనే తీసుకొనవలెను. కుళ్ళిన కాయ ఒక్కటియు ఉండరాదు. నీటిలో రెండు మూడుసార్లు కడిగి తొడిమలు తీసివేయవలెను. రసమునకు బెంగుళూరు బ్లూ వంటి నల్ల రకములు శ్రేష్ఠము.

2. స్టెయిన్‌లెస్ స్టీలు లేక పెచ్చులూడని ఎనామెలు పాత్రలనే వాడవలెను. ఇనుము, రాగి, అల్యూమినియము పనికిరావు. నల్ల ద్రాక్షను చిదిపి 60 నుండి 65 డిగ్రీల వద్ద 10 నిమిషములు ఉంచినచో తోలులోని రంగు రసములోనికి దిగును. పిదప గుడ్డలో మెల్లగా పిండవలెను.

3. రసమును 80 నుండి 85 డిగ్రీల వరకు వేడిచేసి, వేడినీటిలో కాచిన పెద్ద జాడీలలో నిండుగా పోసి మూత బిగింపవలెను. చల్లారిన పిదప ఫ్రిజ్‌లో గాని, శీతల గిడ్డంగిలో గాని కనీసము రెండు మూడు వారములు కదల్చకుండ ఉంచవలెను. పిప్పియు, టార్టారులో చాల భాగమును జాడీలోనే దిగిపోవును.

4. చల్లగా ఉన్నప్పుడే, కాచిన సన్నని గొట్టముతో మీది తేటను తీయవలెను. జాడీని బయటపెట్టి వేడెక్కనిచ్చినచో దిగిన టార్టారు మరల కరిగి రసములో కలియును; పడిన శ్రమ వ్యర్థమగును.

5. ఈ తేటను కాచిన సీసాలలో పోసి, పైన ఒక అంగుళము ఖాళీ వదలి, క్రొత్త మూతలు బిగింపవలెను. పెద్ద పాత్ర అడుగున గుడ్డ పరచి సీసాలను నిలిపి, మెడవరకు నీరు పోసి వేడిచేయవలెను. నడిమి సీసాలోని రసము 80 డిగ్రీలకు వచ్చినది మొదలు 20 నిమిషములు అదే వేడిలో ఉంచవలెను. దీనికై ఒక సీసాకు మూత బదులు థర్మామీటరు పెట్టి చూచుచుండవలెను. నీటి వేడిని చూచి రసము వేడి అని భ్రమించుటవలననే ఎక్కువ సీసాలు పులియుచున్నవి.

6. వేడి సీసాలను చన్నీటిలో ముంచరాదు. చెక్కబల్లపై ఉంచి మెల్లగా చల్లారనీయవలెను. తేదీ వ్రాసి, మొదటి రెండు వారములు ఒక పెట్టెలో మూతపెట్టి ఉంచి, దినము విడిచి దినము మూతలను పరీక్షింపవలెను. పులియు సీసా సాధారణముగా ఈ గడువులోనే బయటపడును.

నిలువకు మందు వాడదలచినవారు నల్ల ద్రాక్షరసమునకు పొటాషియం మెటాబైసల్ఫైటు వాడరాదు. అది రంగును వెలవెలబోవునట్లు చేయును. సోడియం బెంజోయేటు వాడవలెను. మోతాదు చట్టము నిర్ణయించిన దానికి లోబడి ఉండవలెను. అమ్మదలచినవారు ఆహార భద్రతా శాఖ లైసెన్సు లేక రిజిస్ట్రేషను పొందవలెను.

ఎంత జాగ్రత్తపడినను చలిలో ఉంచిన సీసాలలో కొద్ది పలుకులు పడుట సహజము. "అడుగున మెరయు పలుకులు ద్రాక్షలోని సహజ లవణము, గాజు కాదు" అని చీటీపై ఒక వాక్యము వ్రాసినచో కొనువారి భయము తీరును. అయితే పగుళ్ళు, అంచు పెచ్చులు ఉన్న సీసాలను ముందే ఏరివేసినవారికే ఆ మాట వ్రాయు అధికారము గలదు.

మొదటి రైతు ఈ సంవత్సరము రసమును జాడీలలో తేర్చియే సీసాలకు పట్టెను. రెండవ రైతు మొదట థర్మామీటరు కొని, పిదప గుత్తులు కోసెను. ఇద్దరును సీసాను చూపునప్పుడు ఇప్పుడు మూతవైపు నుండి చూపుదురు.